అడిగేవాళ్లే ముందు చెప్పాలి: కిషన్‌బాగ్‌లో ఒక పూట

పేదరికం మీద, అసమానతల మీద పనిచేసే ఒక అంతర్జాతీయ సంస్థకు నెలనెలా నా ఖాతా నుంచి కాస్త డబ్బు వెళ్తుంటుంది. వాళ్లు పంపే పత్రికను మొన్న తిరగేస్తుంటే కెన్యాలో తీసిన ఫొటో ఒకటి కనిపించింది. సర్వేకు వచ్చిన అధికారిని నేల మీద కూర్చోబెట్టి, ఆడవాళ్లే ప్రశ్నలు వేస్తున్నారు. ఈ పద్ధతి సంస్థ మొట్టమొదటి కేంద్రంలో, హైదరాబాదులోని కిషన్‌బాగ్‌లో పుట్టిందని కింద రాసి ఉంది. ఎక్కడి కెన్యా, ఎక్కడి కిషన్‌బాగ్! ఇక ఇంట్లో కాలు నిలుస్తుందా? శనివారం పొద్దున్నే బయలుదేరాను.

మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగేసరికి పది దాటింది. బయట ఆటోకు నూట యాభై అడిగారు. "కిషన్‌బాగ్‌ల ఏముందని మేడమ్? ఫొటోలు దిగనీకి చార్మినార్ పోవాలె గానీ" అన్నాడు డ్రైవర్ సలీం భాయ్. వచ్చినవాళ్లను ఎదురు ప్రశ్నలడిగే ఆడవాళ్లున్నారట, చూద్దామని అన్నాను. పకపకా నవ్వాడు. "అరే, దానికి ఇంత దూరమెందుకు? మా ఇంట్ల దినాం గదే లొల్లి." పురానాపూల్ దాటాక బహదూర్‌పురా దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఎలాగో చేరాం.

సంస్థ మొట్టమొదటి కేంద్రమంటే ఏదో ఊహించుకున్నాను. తీరా చూస్తే రేకుల కప్పున్న ఒక్క గది. పనికి పోయే తల్లుల పిల్లలు పగలంతా అందులో ఉంటారు. వాళ్లను చూసుకునే యాదమ్మ పద్ధతి పుట్టిన కథ చెప్పింది. "ఏండ్ల కింద సంస్థోళ్ల పిల్ల ఒకామె వచ్చి, మీ ఆయన కొడ్తడా అని ఇంటింటికి అడిగింది. మా అత్త ఊకుంటదా? ముందు నువ్వు చెప్పు బిడ్డా, మీ ఆయన కొడ్తడా అన్నది. ఆ పిల్ల బోరుమని ఏడ్సింది. గప్పటి సంది గిదే రివాజు. అడిగెటోళ్లు ముందుగాల చెప్పాలె." ఆ అమ్మాయే తర్వాత సంస్థలో పెద్ద హోదాకు ఎదిగి, ఏ దేశంలో శాఖ తెరిచినా ఈ రివాజును వెంట తీసుకెళ్లిందట.

అయితే ఆ రోజు యాదమ్మ మొహంలో కళ లేదు. సంస్థ బాగా పెరిగింది కదా, చిన్న కేంద్రాలు మూసేసి ఊరికంతా ఒకే పెద్ద కేంద్రం పెడతారట. అభిప్రాయాలు తీసుకోవడానికి రాజేశ్ అనే అధికారి వస్తున్నాడు. గది మూతపడితే పిల్లల్ని ఎక్కడ వదలాలో తెలియక, తల్లులంతా పని మానుకుని వచ్చి కూర్చున్నారు.

రాజేశ్ ట్యాబ్ పట్టుకుని హడావుడిగా వచ్చాడు. "ఇంకా మూడు సెంటర్లు తిరగాలమ్మా. ఈసారికి ఆ రివాజు వద్దు, జల్దీ జవాబులు చెప్పండి."

"మీ సంస్థకు నేర్పిందే మేము గద సార్. కూసో" అంది యాదమ్మ. పాపం, కూర్చున్నాడు.

ఇళ్లల్లో వంట చేసే సరిత, చంకలో బిడ్డతో సూటిగా అడిగింది. "గీ సెంటర్ బంద్ వెడితే నీకేం పోతది సార్?"

అతను ట్యాబ్ ఒళ్లో పెట్టుకున్నాడు. "అబద్ధమెందుకమ్మా, నాకేం పోదు" అన్నాడు.

"నాకు నౌకరీ పోతది. ఏం పోనోళ్లు కూసోని ఫైసలా చేసుడేంది?"

రాజేశ్ ట్యాబ్ మూసేసి, అక్కడే అందరి ముందూ పై అధికారిణికి ఫోన్ చేశాడు. ఫైసలా చేసేవాళ్లే ఈ ప్రశ్నకు ముందు జవాబు చెప్పాలంటున్నారు మేడమ్, అన్నాడు. వచ్చే నెల ఆవిడే వస్తుందట, అందాకా గది మూయరట. "రానీ, ఛాయ్ పోస్తం. కింద కూసోవాలె, గంతే" అంది యాదమ్మ.

తిరుగు ప్రయాణంలో మనసు మనసులో లేదు. సంస్థలు పెరగాల్సిందే, కెన్యాలో ఆడవాళ్లకూ ఆ ప్రశ్నలు కావాల్సిందే. కానీ అన్ని దేశాలకు పాకిన పద్ధతికి, అది పుట్టిన చోట మాత్రం తీరిక లేదంటే నాకు ఒళ్లు మండింది. ఆ గది నిలుస్తుందో లేదో నాకూ తెలియదు. మీరు వెళ్లాలనుకుంటే పదకొండు లోపు చేరుకోండి, మధ్యాహ్నం పిల్లలు పడుకుంటారు. ఇంకో మాట, జవాబు ముందే ఆలోచించుకుని వెళ్లండి. ఆ రోజు వచ్చేద్దామని నేను లేస్తుంటే సరిత నా వైపు తిరిగి, "మరి నీకేం పోతది అక్కా?" అంది. నేను మళ్లీ కింద కూర్చున్నాను.