నాకు జామీను నిలబడిన మనిషి

మొన్న మధ్యాహ్నం అంగట్లో గిరాకీ లేక కునికిపాట్లు పడుతుంటే ఏదో బ్యాంకు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసి, నా స్కోరు బ్రహ్మాండంగా ఉందని, ఐదు లక్షల రూపాయల అప్పు నా పేరు మీద సిద్ధంగా ఉందని, పూచీలు లేవు, కాగితాలు లేవు, బ్యాంకు మెట్లు ఎక్కే పనే లేదు, ఊ అంటే చాలు ఐదు నిమిషాల్లో ఖాతాలో పడుతుందని తేనె పూసినట్టు చెప్పింది. నాకు అవసరం లేదమ్మా అంటే, ఉంచుకోండి సార్, ఎప్పుడైనా పనికొస్తుంది అంది, వద్దన్నా వినకుండా చుట్టానికి ఇంకో గరిటె వడ్డించినట్టు. ఫోన్ పెట్టేశాక ముందు నవ్వు వచ్చింది, ఆ వెనకే ఒళ్ళు మండింది. పది వేల రూపాయల కోసం నేను కాళ్ళరిగేలా తిరిగిన రోజుల్లో ఈ తియ్యటి గొంతులన్నీ ఎక్కడున్నాయో అనుకున్నాను.

రెండువేల మూడో, నాలుగో సంవత్సరం మాట. పత్తికొండలో మాది కిరాణా అంగడి, మా వంశంలో తక్కెడ పట్టనివాడు లేడు, నేనొక్కణ్ణే ఊరందరిదీ ఒక దారి ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు లా చదివి, నల్లకోటు కుట్టించుకుని కర్నూలు చేరాను. నా లెక్క ఒకటే. మూడేళ్ళు ఒక సీనియరు దగ్గర పనిచేసినట్టు ఆయన చేత కాగితం రాయించుకుంటే ప్రభుత్వ వకీలు ఉద్యోగానికి పరీక్ష రాయవచ్చు. ఆ మూడేళ్ళూ జీతం ఉండదని అందరూ చెప్పారు. వినడానికి అదేమంత కష్టంగా అనిపించలేదు, ఎందుకంటే అప్పటిదాకా నా అన్నం నేను కొనుక్కుని తిన్నవాణ్ణి కాదు.

మా సీనియరు మహానుభావుడు. ఆయన దగ్గర పని నేర్చుకోవడమంటే పొద్దున్నే పోయి ఆఫీసు తాళం తీయడం, కేసు కట్టలు దులపడం, కరెంటు బిల్లు కట్టే వరుసలో నిలబడడం, వాయిదాలు అడగడం, మధ్యలో వీలైతే చట్టం నేర్చుకోవడం. జూనియరు ఖర్చులని క్లయింట్ల దగ్గర విడిగా వసూలు చేసేవాడు, ఆ జూనియరు నేనేనన్న సంగతి మాత్రం ఆయనకు ఏనాడూ గుర్తొచ్చేది కాదు. పోనీ చిన్నాచితకా కేసు నేనే చూసుకుంటానంటే, నా ఆఫీసులో కూర్చుని సొంత దుకాణం పెడతావా అని కళ్ళెర్ర చేసేవాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్న సామెత ఎవరు పుట్టించారో గాని, వాళ్ళు ఏదో ఒక వకీలు దగ్గర జూనియరుగా చేసి ఉంటారు. ఒకసారి ధైర్యం చేసి బస్సు ఛార్జీల మాట ఎత్తితే, చదువు చెప్పినందుకు న్యాయానికి నువ్వే నాకియ్యాల కదప్పా అన్నాడు. నేను తల ఊపి వచ్చేశాను. తల ఊపడం మాత్రం ఆ ఆఫీసులో బాగా నేర్చుకున్నాను.

ఇక నా బతుకుతెరువు సంగతి. నాన్న నెలకు పంపే డబ్బు గది అద్దెకు పోగా మిగిలేది వేళ్ళ మీద లెక్కపెట్టేంత. పొద్దున బొరుగుల ఉగ్గాని, బజ్జి లేకుండా, ఎందుకంటే బజ్జికి వేరే డబ్బు. మధ్యాహ్నం బార్ రూములో ఎవరికో కేసు గెలిచిన సంబరానికి టీలు వచ్చే సమయం చూసుకుని కాగితాలు వెతుకుతున్నట్టు అక్కడే తచ్చాడేవాణ్ణి. రాత్రికి అమ్మ పంపిన జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి. వారానికోసారి పత్తికొండ బస్సులో డ్రైవరు సీటు పక్కన పెట్టించి పంపేది, నాన్నకు తెలియకుండా. చొక్కాలు రెండే, ఇస్త్రీ మాత్రం కాలరుకూ ముందు భాగానికే, మిగతాదంతా కోటు కింద దాక్కుంటుంది కదా. మే నెల కర్నూలు ఎండలో నల్లకోటు వేసుకుని ఆటో డబ్బులు మిగుల్చుకోవడానికి నడిచిపోతుంటే, చెమట ఆరి వీపు మీద తెల్లగా ఉప్పు పేరుకునేది. దాన్ని తడిగుడ్డతో తుడుచుకుని లోపలికి పోయి మై లార్డ్ అనేవాణ్ణి. తాను దూర సందు లేదు, మెడకో డోలు. ఇప్పుడు తలచుకుంటే ఆ కోటులోని కుర్రవాడి మీద జాలి కన్నా చీదరే ఎక్కువ కలుగుతుంది, ఎందుకంటే అన్ని తిప్పలు పడుతూ కూడా వాడు కోటు లేనివాళ్ళను చిన్నచూపు చూసేవాడు.

అలా నేను చిన్నచూపు చూసినవాళ్ళలో మొదటివాడు ఆలూరు దిక్కు నుంచి వచ్చే ఒక రైతు. బెయిలు మంజూరైనంత మాత్రాన ముద్దాయి బయటికి రాడు. ఆస్తి ఉన్న మనుషులు కోర్టుకొచ్చి, వీడు పారిపోతే మా ఆస్తి పట్టుకోండని సంతకం పెట్టాలి, అదే జామీను. సొంతవాళ్ళెవరూ రాని ముద్దాయిలకు డబ్బు తీసుకుని జామీను నిలబడేవాళ్ళు కొందరుంటారు. ఈ రైతు అలాంటివాడు. ఆరెకరాల మెట్టచేను, వానలు పడితే చెనిక్కాయ, పడకపోతే కోర్టు. పట్టాదారు పాసుపుస్తకాన్ని ఎరువుల సంచి ముక్కలో చుట్టి చంకలో పెట్టుకుని కోర్టు ఆవరణలోని వేపచెట్టు కింద కూర్చునేవాడు. జామీను ఇచ్చిన ప్రతిసారీ ఆ పుస్తకంలో కోర్టు ముద్ర పడుతుంది, ఆ కేసు తెగేదాకా అది అలాగే ఉంటుంది. ముద్దాయి నీకేమవుతాడని లోపల అడిగితే ఏం చెప్పాలో అతనికి నేర్పడం జూనియరుగా నా పని. అన్న కొడుకు, చిన్నప్పటి నుంచి ఎరుగుదును, అని చెప్పించేవాణ్ణి. అతనికి కర్నూలు జైల్లో ఎంతమంది అన్న కొడుకులుండేవారో దేవుడికే తెలియాలి. మేమంతా అతన్ని చూసి నవ్వుకునేవాళ్ళం.

అయితే ఒక్క మాట. క్లయింటు డబ్బు తెచ్చేదాకా మిగతా జామీనుదార్లు కదిలేవాళ్ళు కాదు. ఇతను మాత్రం, సాయంత్రానికి ఇప్పిస్తానని నేను చెబితే చాలు, లేచి వచ్చి సంతకం పెట్టేవాడు. నేనూ ఏనాడూ ఎగ్గొట్టలేదు, సీనియరు వెంటపడి, ఒకటి రెండుసార్లు నా జేబులోంచి వేసి అయినా ఇచ్చేవాణ్ణి. దాన్ని నేను గొప్పగా అనుకోలేదు, అంగడి ఇంట్లో పుట్టినవాడికి అది అలవాటు.

రెండేళ్ళు నిండగానే నాన్న డబ్బు ఆపేశాడు. తప్పు ఆయనది కాదు, ఆ ఏడు వానల్లేక ఊళ్ళో బాకీలన్నీ మొండికేశాయి. కానీ ఆయన ఆపిన తీరు మాత్రం మరచిపోలేను. నేను ఇంటికి పోయినప్పుడు అంగట్లో నలుగురి ముందర, తల కూడా ఎత్తకుండా అన్నాడు. "కూలికి పోయినోడు గూడా మాపటికి దుడ్లు తెచ్చుకుంటాడు. నువ్వు రెండేండ్ల నుంచి చేస్తాండేది ఏం పనిరా?" పరీక్షకు ఇంకో ఏడాది ఉంది. ఆ ఏడాది కర్నూలులో నిలవగలిగితే కాగితం చేతికొస్తుంది, లేకపోతే రెండేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరే. పది వేలుంటే ఎలాగో నెట్టుకురావచ్చని లెక్క వేసుకుని బ్యాంకుకు పోయాను.

బ్యాంకు మేనేజరు నా కోటు చూసి మర్యాదగా కుర్చీ చూపించాడు, ఆ మర్యాద రెండు నిమిషాలు నిలిచింది. జీతం కాగితం లేదు, పన్ను కట్టిన రసీదు లేదు, పొలం లేదు. పోనీ ఇంతకుముందు ఎక్కడైనా అప్పు తీసుకుని తీర్చారా అన్నాడు. మా ఇంట్లో అప్పు చేయడమంటే తల తీసినట్టు, నేను పుట్టి పెరిగింది అలా, అందుకని ఎప్పుడూ తీసుకోలేదని గర్వంగానే చెప్పాను. అదే మా ఇబ్బంది అన్నాడు మేనేజరు, మీరు తీరుస్తారని మేమెలా నమ్మేది. ముందే నాలుగు చోట్ల అప్పులు చేసి ఉంటే పెద్దమనిషినయ్యేవాణ్ణన్నమాట. చివరికి, ఆస్తి ఉన్నవాళ్ళెవరైనా పూచీ ఉంటే చూద్దామని సాగనంపాడు.

సీనియరును అడిగాను. దొంగలకూ జేబుకోతగాళ్ళకూ రోజూ జామీన్లు సంపాదించే ఆయన, వకీలు ఎవరికీ పూచీ ఉండకూడదు, అది వృత్తిధర్మం కాదు అని ఉపన్యాసం ఇచ్చి, పోతూ పోతూ తన కారుకు గాలి కొట్టించుకు రమ్మన్నాడు. కొట్టించుకొచ్చాను. తిరిగొచ్చి వేపచెట్టు కింద కూలబడితే ఆలూరు రైతు ఏమైందని అడిగాడు. ఎవరితోనైనా చెప్పుకోకపోతే గుండె పగిలేట్టుండి మొత్తం చెప్పేశాను. అతను చంకలోని సంచి ముక్క విప్పి, "నేనుండాను కదప్పా. నా పుస్తకంలో ఇంగొక పేజీ ఖాళీ ఉండాది" అన్నాడు. ఆ పుస్తకం బ్యాంకులో పెడితే ఏడాదిపాటు అతనికి కోర్టులో పని ఉండదు. ఆ సంగతి నేను అడగలేదు, అతను చెప్పలేదు. నీకెంత ఇయ్యాలని అడిగితే మాత్రం మొహం అటు తిప్పుకున్నాడు.

మర్నాడు ఇద్దరం బ్యాంకుకు పోయాం. అతను ఉతికిన పంచె కట్టుకుని, గడ్డం గీయించుకుని వచ్చాడు. నేను కుర్చీలో కూర్చున్నాను, అతను నా వెనక నిలబడ్డాడు. మేనేజరు పాసుపుస్తకం తెరిచి ఒక్కొక్క పేజీ తిప్పుతుంటే, ముద్ర మీద ముద్ర, దొంగతనం, కొట్లాట, మోసం, కేసు నంబర్లన్నీ వరసగా బయటపడ్డాయి. మేనేజరు పెదవుల మీద నవ్వు మొలిచింది. పక్క బల్ల గుమస్తా కూడా మెడ సాచి చూశాడు. ఈ అబ్బాయి నీకేమవుతాడని మేనేజరు అడిగాడు.

"మా అన్న కొడుకు సార్. సిన్నప్పట్నుంచి ఎరుగుదును. మాట తప్పేవాడు కాదు."

చివరి మాట నేను నేర్పింది కాదు. అప్పుడు ఆ తేడా నా బుర్రకు ఎక్కలేదు. కోమటింటి పిల్లవాణ్ణి, వకీలును, కోటు వేసుకుని కుర్చీలో కూర్చున్నవాణ్ణి, జైలు పక్షుల వరసలో నన్నూ నిలబెట్టాడనిపించి చెవులు మండిపోయాయి. మేనేజరు నా వైపు తిరిగి, నిజమేనా అన్నట్టు కనుబొమలెత్తాడు. రోజూ పదిమంది చేత అబద్ధాలు చెప్పించే నాకు ఆ ఒక్క క్షణంలో సత్యహరిశ్చంద్రుడు పూనాడు.

"ఏమీ కాడు సార్. కోర్టు దగ్గర డబ్బులు తీసుకుని జామీన్లు నిలబడే మనిషి."

మేనేజరు పాసుపుస్తకం మూసి బల్ల మీద ముందుకు తోశాడు. అప్పు సంగతి అంతటితో తేలిపోయింది. రైతు ఆ పుస్తకాన్ని తీసుకుని, నింపాదిగా సంచి ముక్కలో చుట్టుకుని, నాకంటే ముందు మెట్లు దిగాడు. బయట నేనేదో సర్దిచెప్పబోతే, బస్సుకు టైమైందన్నాడు. ఆ వేళకు ఆలూరు బస్సు లేదు.

తర్వాత వారం ఒక జామీను అవసరమై వేపచెట్టు దగ్గరికి పోయాను. సాయంత్రానికి డబ్బు ఇప్పిస్తానని ఎప్పటిలాగే అన్నాను. అతను కోపంగా ఏమీ లేడు, లేచి నిలబడ్డాడు, కొత్తగా ఒక మర్యాద మాత్రం గొంతులో ఉంది. "ముందు దుడ్లియ్యండి సార్" అన్నాడు. కర్నూలు మొత్తం మీద నా మాటకు విలువ కట్టిన మనిషి ఒక్కడే ఉంటే, ఆ విలువ నా నోటితో నేనే పోగొట్టుకున్నాను. రెండు నెలలకు గది ఖాళీ చేసి పత్తికొండ వచ్చి అంగట్లో కూర్చున్నాను. నాన్న తక్కెడ నా వైపు జరిపాడంతే. సీనియరు నా కాగితం ఇవ్వలేదు, నేనూ మళ్ళీ అడగలేదు.

ఆ రోజులే బాగుండేవని అనేంత మూర్ఖుణ్ణి కాను. మనిషిని మనిషి ముందు నిలబెట్టి, వీడు నీకేమవుతాడని పరీక్ష పెట్టే కాలం పోయినందుకు సంతోషించాలి. ఇప్పుడు యంత్రమే అన్నీ చూసుకుంటుంది, అంగడితో పాటు నేను నడిపే టమాటా మండీకి తీసుకున్న అప్పులు, తీర్చిన తేదీలు అన్నీ దానికి తెలుసు, నా బుద్ధి ఎలాంటిదో దానికి అక్కర్లేదు. నాలుగేళ్ళ తర్వాత ఒకసారి కర్నూలు పోయినప్పుడు వేపచెట్టు దగ్గరికి వెళ్ళి ఆ రైతు గురించి వాకబు చేశాను, ఆయన రావడం మానేశాడన్నారు, ఊరి పేరు ఎవరూ సరిగా చెప్పలేకపోయారు. ఆలూరు దిక్కు అని తెలియడమే తప్ప, రెండేళ్ళలో ఆయన ఊరేదని నేనూ అడగలేదు. ఇప్పుడు అప్పు కోసం ఎవరినీ వెంటబెట్టుకుని పోవాల్సిన పని లేదు, ఈయన నీకేమవుతాడని అడిగేవాళ్ళూ లేరు. ఎవరైనా అడిగితే బాగుండునని ఒక్కోసారి అనిపిస్తుంది. ఈసారి కుర్చీలోంచి లేచి చెబుతాను, మా చిన్నాయన సార్ అని.