మంచు గుడిసెకి ఉప్పు చల్లాను

పోయిన వారం మా సారు ఎడారి మధ్యలో ఐసుగడ్డల కింద పడి, కాళ్లు మాత్రం బయటికి పెట్టుకుని తన్నుకున్నాడంటే అదంతా నా చలవే. నవ్వకండి, ముందు వినండి.

దుబాయ్ వచ్చిన దగ్గర్నించీ ఈ ఇంగ్లీషు వాళ్లింట్లోనే కదా నా వంట! ఇక్కడ అందరికీ శుక్రవారం సెలవు, నాకు తప్ప. మా చెల్లి ఇక్కడే ఆస్పత్రిలో నర్సు. ఒకే ఊళ్లో ఉండి కూడా దాని మొహం చూసి నెలలైంది. సెలవు అడుగుదామంటే సారు ఎదురుపడగానే నాకు నోరు పెగలదు. డ్రైవర్ ఖాదర్ భాయ్, హైదరాబాద్ మనిషి, రోజూ దెప్పుతాడు. "అడుగక్కా! ఏం, కొరుకుతడా?"

"ఆయన ఖుషీగా ఉన్నప్పుడు అడుగుతాలే భాయ్."

చలికాలం వస్తే వీళ్లంతా ఇల్లొదిలి ఇసకలో టెంట్లు వేసుకుని పడుకుంటారు. సరదా అట! మా సారు కుర్రతనంలో వాళ్ల దేశం కొండల్లో మంచుతోనే గుడిసె కట్టుకుని పడుకున్నాడట. ఫ్రెండ్స్ నమ్మలేదు. "ఇక్కడే కట్టి చూపిస్తా, సాయంత్రం రండి" అన్నాడు. ఇంక చూస్కోండి, చేపల మార్కెట్ దగ్గర్నించి పికప్ నిండా ఐసు దిమ్మలు! గోనెసంచులు కప్పి ఎడారిలోకి తోలుకెళ్లాం. వంట సామానుతో నేనూ.

సారు రంపంతో దిమ్మలు కోసి గుండ్రంగా పేర్చాడు. సందుల్లో ఐసు పొడి కూరాడు. బోర్లించిన మూకుడులాగా లేచింది గుడిసె! చేపల కంపు కొడితే కొట్టింది గానీ ముద్దుగా ఉంది. మేడమ్ ఫోటోలు తీసింది. సారు మొహం వెలిగిపోతోంది. ఖాదర్ భాయ్ నాకేసి కళ్లెగరేశాడు. "దోస్తులొచ్చి వాహ్వా అనంగనే అడుగు. పక్కా ఇస్తడు."

సారూ మేడమూ బట్టలు మార్చుకోడానికి టెంట్లోకి వెళ్లారు. ఇటు చూద్దును కదా, గుడిసెకి చెమటలు! టప్, టప్. ఫ్రెండ్స్ వచ్చేలోపు ఇది కరిగితే నా శుక్రవారం గంగలో కలిసినట్టే! ఎలా నిలవుంచడం? ఆవకాయ దేంతో నిలవుంటుంది? ఎండుచేప దేంతో నిలవుంటుంది? ఉప్పు! తెచ్చిన ఉప్పు ప్యాకెట్లన్నీ చింపి, గుడిసె చుట్టూ దోసిళ్లతో చల్లి, చేత్తో రుద్ది మరీ పట్టించాను. ఎవరికీ చెప్పలేదు. మెచ్చుకుంటే సిగ్గు కదా!

ఫ్రెండ్స్ వచ్చారు. సారు గొప్పగా పాక్కుంటూ లోపలికెళ్లి పడుకున్నాడు, కాళ్లు గుమ్మం బయట. అందరూ చప్పట్లు. ఎక్కణ్ణించి వచ్చిందో ఒక ఒంటె, తిన్నగా వచ్చి గోడని ఒక్క నాకు నాకింది. ఉప్పు రుచికి ఆహా అనుకుందేమో, పుల్ల ఐసు చప్పరించినట్టు మొదలెట్టింది! వెనకాలే ఇంకోటి!

"యల్లా! యల్లా!" ఖాదర్ భాయ్ తువ్వాలు విసురుతున్నాడు. అవి కదిలితేనా! ఉప్పు పడ్డచోటల్లా ఐసు కరిగి గోడకి అప్పటికే బొక్కలు పడ్డాయి. ఒక బొక్కలో ఒంటె తల దూర్చింది. అంతే, ధబేల్!

కాళ్లు పట్టి లాగితే సారు బయటికొచ్చాడు. దెబ్బలేం లేవు, నెత్తినిండా ఐసు. పెదాలు నాక్కుని "సాల్ట్?" అన్నాడు. అందరి కళ్లూ నా కాళ్ల దగ్గరున్న ఖాళీ ప్యాకెట్ల మీదే.

"క్యా కియా అక్కా!"

పైట కొంగు నోటికడ్డం పెట్టుకుని ఖాదర్ భాయ్‌కి చెప్పాను, ఆవకాయతో సహా. ఆయన ఇంగ్లీషులో వాళ్లకి చెప్పాడు. ఫ్రెండ్స్ ఇసకలో పడి దొర్లారు. సారు మాత్రం నవ్వలేదు. వణుకుతూ ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడు భాయ్? ఇంటికి పంపించేస్తాడా?"

"లేదక్కా. ఇంక ప్రతి శుక్రవారం క్యాంపుకే వస్తరంట. ఆ రోజు నువ్వు మాత్రం వాళ్ల కండ్ల పడొద్దంట. ఎటన్నా పొమ్మంటున్నడు!"

నిన్న శుక్రవారం చెల్లి దగ్గరికెళ్లాను. తలుపు తీసి నోరెళ్లబెట్టింది. "అబ్బో! అడిగేశావా అక్కా?"

"అడగడం దేనికే? నా పని చూసి వాళ్లే ఇచ్చారు" అన్నాను.