తేదీ మీద నల్లమట్టి

పోయిన నెల మా ఆవిడ సమాధిరాయి కోసం మార్టూరు వెళ్తే, అక్కడి ఆపరేటరు కంప్యూటరు మీద నుంచి తల ఎత్తకుండానే పుట్టిన తేదీ, పోయిన తేదీ చెప్పమన్నాడు. మొదటిది చెప్పాను. రెండోదానికి నేను మా అమ్మాయి వైపు తిరిగితే తనే చెప్పింది, పది నిమిషాల్లో మిషను రెండు తేదీలూ చెక్కేసింది. నలభై ఏళ్లు ఉలి పట్టుకుని ఇదే పని చేసి బతికిన నాకు, ఆ పది నిమిషాలూ ఒళ్లు మండిపోయింది.

మన ఈడువాళ్లకు చెబితే అర్థమవుతుంది. మా రోజుల్లో ఒక్క తేదీకి ఒక పూట పట్టేది, నల్లరాయి మీద ఉలి జారితే దిద్దుకోవడమంటూ లేదు కాబట్టి అంకె అంకెకీ ఆగి ఊపిరి పీల్చుకునేవాళ్లం. నేను ఆ పనిలో చేరిన కొత్తలోనే మా అక్క కూతురు, పన్నెండేళ్ల పిల్ల, పత్తి చేలో ఉన్న తల్లికి అన్నం పట్టుకెళ్తూ గట్టు మీద పాము కాటుకు పోయింది. మేనమామను కదా, రాయి నన్నే చెక్కమన్నారు. అక్క మాత్రం కంటతడి పెట్టకుండా మా గడపలో నిలబడి, "ఒరేయ్ తమ్ముడూ, పుట్టిన తేదీ ఒక్కటే చెక్కు. రెండోది చెక్కావో, ఇక నా మొహం చూడొద్దు" అని వెళ్లిపోయింది. బావకది పిచ్చిమాటలా తోచింది. రాయి నిలబెట్టే జ్ఞాపకార్థ కూడిక దగ్గరపడేకొద్దీ రోజూ పని దగ్గరికే వచ్చి నా నెత్తిన కూర్చునేవాడు. "చెక్కరా, చూడగా చూడగా దానికే అలవాటవుద్ది. సగం రాయి నిలబెడితే ఊరు నవ్విపోద్ది" అనేవాడు. నాకూ అదే న్యాయమనిపించింది, దుఃఖాన్ని ఎంత తొందరగా ఒప్పిస్తే అంత మంచిదనుకునే వయసు నాది. చెక్కాను.

సమాధుల తోటలో పాస్టరుగారు ప్రార్థన ముగించి రాయి మీది గుడ్డ తీశారు. అక్క వంగి మొదటి తేదీని వేలితో తడిమింది, రెండోదాని దగ్గరికి వచ్చేసరికి ఆ వేలు ఆగిపోయింది. నా వైపు చూడకుండా పక్క చేలోకి దిగి దోసెడు తడి నల్లరేగడి తెచ్చి ఆ తేదీ మీద మెత్తింది. బావ చెయ్యెత్తాడు, పాస్టరుగారు పట్టుకోకపోతే కొట్టేవాడే.

ఇక ప్రతి ఆదివారం ఆరాధన కాగానే అదే తంతు. మట్టి ఎండి బీటలు తీసి రాలేది, మిగిలింది బావ కడిగేవాడు, అక్క మళ్లీ మెత్తేది. మతి చలించిందన్నారు కొందరు, గుంటూరు తీసుకెళ్లి బ్రాడీపేటలో డాక్టరుకు చూపించమన్నారు మరికొందరు. మిరపకోతలు మొదలై ముగిసినా అక్క నాతో మాట్లాడలేదు. అక్కకేమన్నా అయితే ఆ పాపం నా ఉలిదేనని నాకు తిండి సయించేది కాదు. పోనీ చెరిపేద్దామా అంటే, రాతిలోంచి తీసిన ముక్కను తిరిగి రాతిలో పెట్టే విద్య ఎవరికీ రాదు.

ఒక ఆదివారం జ్వరమొచ్చి అక్క రాలేదు. ఉండబట్టలేక వెళ్లి చూస్తే, మట్టంతా రాలిపోయి నేను చెక్కిన అంకెలు ఎండకు మెరుస్తున్నాయి, నాకే చూడబుద్ధి కాలేదు. మట్టి పిసికి నేనే మెత్తాను. చేతులు కడుక్కుంటుంటే తట్టింది: పిల్ల పోయిందని అక్కకు తెలియకపోవడమేమిటి, గోతిలో మొదటి పిడికెడు వేసింది తనే కదా, తెలిసిన సంగతిని కళ్లారా చదువుకోవడానికి కాస్త వ్యవధి అడిగింది, అంతే. తోడబుట్టినవాణ్ణయి ఆ మాత్రం ఇవ్వలేకపోయాను. పై వారం అక్క వచ్చి, ఆ మట్టి మీద నా వేలిముద్రలు చాలాసేపు చూసి, "ఏరా, అన్నం తిన్నావా?" అంది. ప్రహరీ గోడకు తల ఆనించి ఏడ్చాను.

రెండేళ్లకు, ఎవరూ చెప్పకుండానే, తనే కొంగు తడిపి ఆ తేదీని శుభ్రంగా తుడిచింది.

మొన్న ఆదివారం మా ఆవిడ రాయి నిలబెట్టాం. పిల్లలు ఫొటోలు తీసి ఫోన్లలో పంపితే, చేతులు జోడించిన బొమ్మలు గంటలో వచ్చేశాయి, గంటలోనే ఆగిపోయాయి. వాళ్లను తప్పుపట్టను, ఎవరి పనులు వాళ్లవి; కాకపోతే రాతికిచ్చే వ్యవధి తగ్గినట్టే మనిషికిచ్చేదీ తగ్గింది. అందరూ ఆటోల దగ్గరికి నడిచాక, నడుం వంగిపోయిన అక్క చేతికర్ర రాయికి ఆనించి, మెల్లగా గట్టు దిగి, దోసెడు నల్లమట్టితో వచ్చింది. రెండో తేదీని కప్పేసి, కొంగుకు చేతులు తుడుచుకుంటూ, "నీకు తుడవాలనిపించినప్పుడు తుడుద్దువుగానిలే" అంది.

ఇంకా అనిపించలేదు. పొద్దున్నే వెళ్లి, ఎండకు బీటలు తీయకుండా కాసిని నీళ్లు చల్లి వస్తున్నాను.