నీలం మఖ్మల్ మీద ఖాళీ ఆకు

దయ్యాల గురించి ఆలోచించే తీరిక నాకెప్పుడూ లేదు. పొద్దున్నే నీళ్లు పట్టుకోవడం, వంట, ఆ తర్వాత చీకటి పడేదాకా కార్‌చోబ్ ముందు కూర్చోవడం. కార్‌చోబ్ అంటే జరీ పనికి గుడ్డను బిగించి కట్టే చెక్క చట్రం. దాని మీద ముప్పై ఏళ్లు వంగిన నడుము నాది. పడుకున్నాక దయ్యం వచ్చి లేపినా లేచేదాన్ని కాదు. శాలిబండలో ఫలానా ఇంట్లో ఏదో తిరుగుతుందని ఎవరైనా అంటే, వీళ్లకు పని లేదనుకునేదాన్ని. ఇప్పుడు నేనే చెబుతున్నాను. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి ఇన్నాళ్లకు రాస్తున్నాను.

ఇది జరిగేనాటికి మా బస్తీలో ఎవరింట్లోనూ టీవీ లేదు. నాకు జరీ పని నేర్పింది మొఘల్‌పురాలో మా పక్కింటి ఖుర్షీద్ ఆపా, అంటే ఖుర్షీద్ అక్క. ఆమె మంచం పట్టి ఆరు నెలలైంది. చూపు పూర్తిగా పోయింది. ఆమెకు పిల్లలు లేరు. రెండు పూటలా గంజి తాగించి, ఒళ్లు తుడిచి, నేను మళ్లీ కార్‌చోబ్ దగ్గరికి పోయేదాన్ని.

ఆపా తండ్రి పెద్ద ఉస్తాద్. ఒక దేవిడీలో, అంటే నవాబుల పెద్ద బంగళాలో, బేగం గద్దె మీద పరచడానికి నీలం మఖ్మల్ మీద జరీతో తీగలూ ఆకులూ కుట్టాడట. చివరి మూల కూతురికి అప్పగించాడు. అప్పుడు ఆమెకు పదిహేనేళ్లు. ఒక్క ఆకు మిగిలి ఉండగా జ్వరం వచ్చి పడిపోయింది. ఆమె లేచేసరికి దేవిడీ మనుషులు గుడ్డను తీసుకుపోయారు. తండ్రి "అధూరా" అని, సగంలో ఆగిన పని అని, ఒక్క మాట అన్నాడు. మళ్లీ ఎన్నడూ ఆమెను తన కార్‌చోబ్ దగ్గర కూర్చోనివ్వలేదు.

ఆ దేవిడీ సామానంతా ఇప్పుడు మ్యూజియంలో పెట్టారని ఎవరో చెప్పారు. అప్పటి నుంచి ఆపాకు అదే ధ్యాస.

"సత్తమ్మా, పోయి చూసి రావే. ఎడమ దిక్కు కింది మూల, ఆఖరి ఆకు. తర్వాత ఎవరన్నా నింపిండ్రో లేదో."

"నాకు పని లేదా ఆపా?"

"నీ పని ఖయామత్ దాకా ఒడువది. పోయి రా."

ఒక మధ్యాహ్నం పోయాను. చేత్తో రాసిన ఖురాన్లు, వెండి తీగ పొదిగిన బిద్రీ హుక్కాలు, పచ్చరాతి పిడి కత్తులు, పూల పలకలు. అన్నీ చూసే ఓపిక లేదు. నేరుగా గుడ్డల గదికి పోయాను. అద్దాల పెట్టెలో నీలం మఖ్మల్ ఉంది. ఎడమ కింది మూల చూశాను. ఆకు ఖాళీగా ఉంది. కుట్టే ముందు వేసే సుద్ద గీత కూడా మసగ్గా కనిపిస్తోంది.

వాచ్‌మన్‌ను పిలిచి చూపించాను.

"అవునక్కా," అన్నాడు అతను. "మూడేండ్ల సంది గీ కుర్చీలనే కూసుంటున్న, ఎన్నడు చూడలే. బేగం సాబ ఇంట్ల గూడ దారం ఒడిసిందేమో!" అని నవ్వాడు.

బస్సు దొరక్క నడిచి వచ్చాను. ఖాళీగా ఉందంటే ఆపా రాత్రంతా ఏడుస్తుంది. నేను పక్కన కూర్చోవాలి. తెల్లారేసరికి రెండు పెళ్లి దుపట్టాలు ఇవ్వాల్సి ఉంది. జాలితో కాదు, అలసటతోనే అబద్ధం చెప్పాను.

"నిండింది ఆపా."

అంతటితో అయిపోతుందనుకున్నాను. ఉస్తాద్ కూతురు ఊరుకుంటుందా?

"ఎట్ల నింపిండ్రు? చెప్పు."

నా బుర్ర పనిచేయలేదు. నా చేతులు రోజూ కుట్టే ఆకునే చెప్పాను. "జరీతోని నింపి, చుట్టూ ఎర్రపట్టు అంచు ఏసిండ్రు."

అది దుకాణాల పని. జరీ అంచు వంకరపోతే కనబడకుండా మేము ఎర్రపట్టు చుట్టేస్తాం. ఆపా వాళ్లింటి పనిలో ఆకంతా ఒక్క జరీయే. రంగు దారం తగలనివ్వరు.

"ఎర్ర అంచా? తోబా తోబా! నీ అసొంటి పనిదొంగ, కామ్‌చోరే ఎవరో చేసింటది. అబ్బా చూస్తే కట్టె పట్టుకుంటుండె." చాలా రోజుల తర్వాత నవ్వింది. "చలో, నిండింది గదా. బస్."

ఆ రాత్రి మూలగకుండా పడుకుంది. నాలుగో రోజు మధ్యాహ్నం నిద్రలోనే పోయింది.

నలభయ్యో రోజు ఆమె పేరిట ఫాతిహా చదివించడం అయ్యాక నా మనసు ఊరుకోలేదు. ఆ ఖాళీ ఆకు ముందు నిలబడి తప్పు ఒప్పుకోవాలనిపించి మళ్లీ పోయాను.

ఆకు నిండి ఉంది.

జరీతో నిండి, చుట్టూ ఎర్రపట్టు అంచు. ఆ ఎరుపు ఏనాటిదో అన్నట్టు వెలిసి ఇటుక రంగుకు దిగింది. జరీ కూడా పక్క ఆకుల్లాగే నల్లబడింది. వేరే మూల చూస్తున్నానేమోనని నాలుగు మూలలూ చూశాను. ఎర్ర అంచు ఇంకెక్కడా లేదు. కుట్టు మాత్రం నాలాగా వదులుగా లేదు. ఆపా కుట్టులాగే దగ్గర దగ్గరగా, అన్నీ ఒకే పొడవు.

అదే వాచ్‌మన్ ఉన్నాడు. పిలిస్తే వచ్చి చూశాడు. ఈసారి నవ్వలేదు. వంగి పెట్టె తాళం పట్టుకుని చూశాడు. తాళం మీద లక్క ముద్ర అలాగే ఉంది.

"తీసిండ్రా అన్నా?"

"ఎవరు తీస్తరక్కా? ముద్ర జూడు, పలగలే."

"మరి ఆ రోజు నువ్వు గూడ చూస్తివి గదా, ఖాళీగుండె."

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "చూసిన. గని నన్ను అడుగకు. నౌకరీ పోతది."

తిరిగొచ్చి కార్‌చోబ్ ముందు కూర్చున్నాను. ఆ పూట సూదిలో దారం ఎక్కించలేకపోయాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే కళ్లు పాడయ్యాయంటారు, పని ఇవ్వరు. నా కళ్లు అప్పుడు బాగానే ఉన్నాయి.

అది ఎలా జరిగిందో ఇప్పటికీ చెప్పలేను. ఆలోచించీ ఆలోచించీ అలసిపోయాను. ఖాళీగా ఉందని నిజం చెప్పి ఉంటే ఆ ఆకు ఒట్టి జరీతో, వాళ్లింటి పద్ధతిలో నిండేదేమో, అసలు నిండేదే కాదేమో. ఆ మఖ్మల్ మీద వందల ఆకులున్నాయి. ఒక్క ఆకే తప్పుగా ఉంది. ఆ తప్పు ఆపాది కాదు, నాది.