కోత పండుగలో బీపీ మిషన్

కోత పండుగ నాడు మా ఊరి చర్చిలో ఎవరి కష్టం వాళ్లు తెచ్చి వేదిక ముందు పెడతారు. వడ్లు, గుమ్మడికాయలు, నిమ్మకాయలు, రొయ్యలు. ఆరాధన అయ్యాక అన్నీ వేలం వేస్తారు. నేను వెంకటాచలం ఊరి దగ్గర బీపీ మిషన్ల ఫ్యాక్టరీలో పని చేస్తున్నాను కాబట్టి, ఈసారి నేను చేసిన మిషన్ పెట్టి తీరాలన్నాడు నాన్న.

నాయనమ్మ గూడూరులో అభ్రకం (మైకా) రాయిని విడదీసి పలుచని పొరలు తీసేది. అవి ఓడలెక్కి పరాయి దేశాలకు పోయి, కరెంటు పరికరాల్లో, కొలిచే యంత్రాల్లో చేరేవి. ఆ యంత్రాలు ఎలా ఉంటాయో ఆమె చూడనే లేదు. "మా అమ్మ పొరలు తీసింది. నా బిడ్డ ఏకంగా మిషనే చేస్తా ఉండాది" అని నాన్న టీ కొట్టు దగ్గర మనిషి దొరికితే చాలు, మొదలుపెట్టేవాడు.

నేను చేసేదేమిటో ఆయనకు చెప్పడానికి నోరు రాలేదు. లోపలి భాగాలన్నీ ఎక్కడి నుంచో తయారై వస్తాయి. ఇంకొకరు పైన ప్లాస్టిక్ డొప్ప బిగిస్తారు. నేను కంపెనీ స్టిక్కర్ అంటించి అట్టపెట్టెలో పెడతాను. పైగా పండుగకు నేను తెచ్చింది, తప్పు చూపిస్తోందని పక్కన పడేసిన మిషన్. చూపించడానికే కదా, ఎలాగూ నాన్నే పాడుకుని ఇంటికి తెస్తాడు అనుకున్నాను.

వేలంలో ఎదురింటి పెద్దమ్మ నాన్నను పాడనిస్తేనా! "మీకు బిడ్డ ఉండాది, మిషన్ నాకియ్యండి" అని పైకి పైకి పాడి పట్టుకుపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దమ్మకు బీపీ ఉందని నాకు తెలుసు. అయినా కిమ్మనలేదు.

కొన్నాళ్లకు ఒక ఆదివారం ఆమె లేచి సాక్ష్యం చెప్పింది. మన బిడ్డ చేసిన మిషన్‌లో రోజూ బీపీ చూసుకుంటోందట. జబ్బు పోయిందట. మాత్రలు మానేసిందట. చర్చి అంతా స్తోత్రం అంది. నాన్న ఆడవాళ్ల వైపు తిరిగి నన్ను చూసి నవ్వాడు. అక్కడే లేచి చెప్పాల్సింది, లేవలేదు.

ఆరాధన కాగానే ఆమెను స్కూటర్ మీద క్లినిక్‌కు తీసుకెళ్లాను. బీపీ బాగా ఎక్కువగా ఉంది. మాత్రలెందుకు ఆపావని డాక్టరు ఆమెను చెడామడా తిట్టాడు. ఆ తిట్లు నాకు పడాల్సినవి. తిరిగొచ్చే దారిలో, మిషన్ సంగతి ఉన్నదున్నట్టు ఆమెకు చెప్పేశాను.

"మీ నాయనకు మాత్రం చెప్పబాక" అంది పెద్దమ్మ. "మా అమ్మ ఉంటే ఈ మిషన్ చూసుండేది అని ఏడ్చినాడు, వేలం రోజు."

ఆమె మాత్రలు వేసుకుంటోంది, మిషన్ అద్దాల బీరువాలో పెట్టింది. నేనూ ఊరుకున్నాను. ఊరుకోవడం ఎంత హాయిగా ఉందో తలచుకుంటే ఇప్పుడు అసహ్యం వేస్తుంది.

నిన్న పెద్దమ్మ ఇంటికి వెళ్లేసరికి నాన్న ఆ మిషన్ పట్టీ చేతికి కట్టించుకుని కూర్చున్నాడు.

"నాక్కూడా బీపీ ఏమీ లేదంట చూడు!" అని మురిసిపోయాడు. పెద్దమ్మ తల దించుకుంది.

"అది తప్పు చెప్తాది నాయనా. దాన్ని నేను చెయ్యలేదు."

నాన్న చేతి పట్టీ విప్పలేదు. మిషన్ మీది కంపెనీ స్టిక్కర్‌ను వేలితో తడిమి చూశాడు.

"మరి ఇదో?"

"అదొక్కటే నాయనా, నేను అంటించింది."