చదివాక కాల్చెయ్యమన్న ఉత్తరం

వర్జీనియాలో ఎంఎస్ చదివే రోజుల్లో, ఒక చిన్న మ్యూజియంకి, ఆ ఊళ్లోనే ఉండే మన తెలుగు డాక్టరాంటీకి సాయంగా వెళ్లేవాణ్ని. రిటైరయ్యాక ఆవిడ అక్కడ రెండొందల ఏళ్లనాటి అమెరికన్ కుటుంబాల ఉత్తరాలు చదివి నాచేత టైప్ చేయించేవారు. ప్రతి ఉత్తరం విప్పేముందు, రాసినామె ఎదురుగా కూర్చున్నట్టే, "ఏమనుకోకమ్మా" అనేవారు. నాకు నవ్వొచ్చేది.

ఒకసారి చేతికొచ్చిన ఉత్తరంలో, ఒకామె తన కవితను స్నేహితురాలికి పంపుతూ చివర "చదివాక కాల్చెయ్యి" అని రాసింది.

"ఇది స్కిప్ చేద్దామా ఆంటీ?" అన్నాను.

"కాల్చాల్సిన మనిషే దాచుకుంది. మధ్యలో నీకెందుకయ్యా మొహమాటం? టైప్ చెయ్యి."

ఉద్యోగానికి రెడ్‌మండ్ వచ్చేశాక, ఆవిడ దగ్గర్నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అందులో ఆవిడే రాసిన తెలుగు కవిత. కింద, "చదివాక కాల్చెయ్యి".

ఇప్పటికీ దాన్ని విప్పేముందు "ఏమనుకోకండి ఆంటీ" అంటాను.