హాతీకి ముందు ఛోటా

చిన్న ట్రక్కు వెనక తలుపు దించేటప్పుడు గొలుసు ఇనుముకు కొట్టుకుని గలగలమంటుంది. నాచారంలో మా ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు కిటికీలోంచి రోజంతా వినబడే చప్పుడే. అయినా పొద్దున్నే మొదటిసారి వినగానే యాదగిరన్న ప్రశ్న నా నోట్లోకి వచ్చేస్తుంది: "సామానేంది? ఎంత బరువు?"

యాదగిరన్న ఇక్కడ బుకింగులు చూసేవాడు. జనగామ వైపు మనిషి. ఏళ్ళ తరబడి లారీ నడిపి, నడుము నొప్పితో స్టీరింగు వదిలి కుర్చీలోకి వచ్చాడు. నేను తెనాలి నుంచి బీకాం పట్టాతో వచ్చి ఆయన పక్క కుర్చీలో చేరాను. చేరిన రోజే ఫైళ్ళన్నీ దించి వరస మార్చేశాను. ఆయన కళ్ళజోడు పైకి తోసి, "మనకొక ఛోటా మేనేజర్ దొరికింది పో" అన్నాడు. సాయంత్రానికల్లా స్టాండులో డ్రైవర్లందరికీ అదే నా పేరు. నాకు ఒళ్ళు మండింది.

పేర్లు పెట్టడం ఆయనకో పిచ్చి. పదిసార్లు బతిమాలితే గాని కదలని ట్రాలీ ఆటో 'కొత్తల్లుడు'. నిలువెల్లా మోగే పాత డీసీఎం వ్యాను 'పెండ్లి బాజా'. దానికో పద్ధతి కూడా ఉండేది. కొత్త బండి మొదటి లోడు దించి తిరిగొచ్చేదాకా ఎవరినీ పేరు పెట్టనిచ్చేవాడు కాదు. "ముందు మొయ్యనియ్యున్రి. ఎట్ల మోస్తదో సూసి పిలుద్దం" అనేవాడు. అప్పుడే రోడ్డెక్కిన నాలుగు చక్రాల బుల్లి ట్రక్కును ఊరంతా ఛోటా హాతీ, అంటే చిన్న ఏనుగు, అంటుంటే, ఆ పేరు తానే పెట్టానని ఆయన వాదన. ఒకరోజు బియ్యం బస్తాల లోడు చూసి పెట్టానంటాడు, ఇంకోరోజు బీరువా చూసి. "మొన్న బస్తాలన్నారుగా?" అని పట్టుకుంటే, "బస్తాల మీదనే బీరువ ఉండె" అని తప్పించుకునేవాడు.

మూడో నెలలో ఆయన మేనకోడలి పెళ్ళికి వెళ్ళాడు. ఆఫీసులో నేనే. ఒక వర్క్‌షాపు నుంచి బోడుప్పల్‌కు లేత్ మిషను పంపాలని ఫోను వచ్చింది. డీసీఎంలన్నీ బయట ఉన్నాయి. అప్పుడే ఛోటా హాతీ కొనుక్కున్న మల్లేష్‌ను పంపాను. అక్కడికెళ్ళి ఫోను చేశాడు.

"మేడం, మస్తు బరువున్నది. జర ఆలోచన జేయున్రి."

"పేరే హాతీ కదా మల్లేష్, మోస్తుందిలే" అని నవ్వాను.

కొత్తవాడు. కాదంటే రేపటి నుంచి లోడ్లు ఇవ్వనేమోనని భయపడ్డాడు. ఉప్పల్ దాటాక ఎత్తు ఎక్కుతుంటే వెనక బరువుకు ముందు చక్రాలు లేచి, బండి పక్కకు పడిపోయింది. మల్లేష్ చెయ్యి విరిగింది.

యాదగిరన్న పసుపు మరకల చొక్కాతోనే పెళ్ళి నుంచి పరుగెత్తుకొచ్చాడు. మా సేటు "ఎవరు పంపిన్రు?" అని అరుస్తున్నాడు. ఉద్యోగం పోతే మళ్ళీ తెనాలి బస్సెక్కడమే. "నేనే ఫోన్ల జెప్పిన సేట్" అన్నాడు యాదగిరన్న. ఒక్క బండినీ పడేయకుండా నడిపిన మనిషి డ్రైవర్లందరి ముందూ తలవంచుకుని తిట్లు తిన్నాడు. నేను పక్కనే ఉండి ఊరుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అక్కడి నుంచి నన్ను దవాఖానాకు తీసుకెళ్ళాడు. క్షమించమని అడిగితే మల్లేష్ కట్టు కట్టిన చెయ్యి చూసుకుంటూ, "వద్దనాలంటె భయమైంది మేడం" అన్నాడు. వరండాలోకొచ్చి బల్ల మీద కూలబడి ఏడ్చాను. యాదగిరన్న పక్కన కూర్చున్నాడు.

"హాతీ అన్నది ఇన్నవు బిడ్డా, ముందుగాల ఛోటా అన్నది ఇడిసిపెట్టినవు. గింత బండి గంత మోస్తున్నదని ముద్దొచ్చి హాతీ అన్నరు. దాని పానం దియ్యొద్దని ఛోటా అన్నరు."

"ఆ పేరు నిజంగా మీరే పెట్టారా?"

"నేను బెట్టలే. ఎవలు బెట్టిన్రో గని, బరువు మోసినోళ్ళే బెట్టిన్రు."

"మరి నాకు మొదటి రోజే పెట్టేశారే?"

"అందుకే ఛోటా తగిలిచ్చిన. డ్రైవర్లు నీ మీద ఒక్కపారె మోపొద్దని."

మర్నాడు సేటు దగ్గరికెళ్ళి, బండి పంపింది నేనేనని చెప్పాను. ఆయన తలెత్తకుండానే అన్నాడు: "వస్తవని యాదగిరి నిన్ననే జెప్పిండు. రాకుంటె తీసెయ్యమన్నడు."

తర్వాత ఏడెనిమిదేళ్ళు ఆ పక్క కుర్చీలోనే పని నేర్చుకున్నాను. తెలంగాణ వచ్చిన ఏడాది, ఇక చాతకాదని మానేస్తూ ఆఫీసు తాళాలు నా చేతిలో పెట్టి, "పైలం, మేనేజరమ్మా" అని జాగ్రత్త చెప్పాడు. ముందు ఛోటా లేదు. అన్నేళ్ళూ విసుక్కున్న ఆ మాట కోసం ఆ పూట నా ప్రాణం కొట్టుకుంది. ఆ చలికాలంలోనే ఆయన పోయాడు.

ఇప్పుడు ఆయన కుర్చీలో నేనున్నాను. సామాను, బరువు అడిగాక డ్రైవరును ఇంకొకటి అడుగుతాను: "నీకు సరేనా? వద్దంటే చెప్పు, రేపు కూడా లోడిస్తాను." నిన్న పొద్దున గ్రానైటు పలకల లోడు దగ్గర నుంచి మల్లేష్ ఫోను చేశాడు.

"ఇది నాతోని గాదు, ఛోటా మేనేజర్."

"సరే మల్లేష్, వచ్చేయ్" అన్నాను.